స్టైల్‌లింట్ నేర్చుకుందాం - 3: అన్ని ప్రాజెక్టులకూ ఒకే కాన్ఫిగ్

గత రెండు భాగాల్లో ఒక ప్రాజెక్టులో స్టైల్‌లింట్ (సీఎస్ఎస్ కోడ్‌లో తప్పులు పట్టే టూల్) పెట్టుకుని, రూల్స్ ఆన్ చేయడం, ఆఫ్ చేయడం చూశాం. రెండో ప్రాజెక్టు రాగానే చాలామంది ఆ కాన్ఫిగ్ ఫైలును కాపీ చేసి అందులో పడేస్తారు. కొన్నాళ్లకు ఒకచోట మార్చిన రూల్ ఇంకోచోట మారదు. చివరికి ఏది అసలైన ఫైలో టీమ్‌లో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈసారి రూల్స్‌ను విడిగా ఒక ఎన్‌పీఎం ప్యాకేజీ చేద్దాం. ప్రతి ప్రాజెక్టులో దాని పేరు ఒక్కటి రాస్తే సరిపోవాలి.

పేరు స్టైల్‌లింట్-కాన్ఫిగ్ అని మొదలుపెట్టి, హైఫన్ తర్వాత మీ టీమ్ పేరు పెట్టడం ఆనవాయితీ. కొత్త ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు చాలు: ప్యాకేజ్ డాట్ జేసన్, ఇండెక్స్ డాట్ జేఎస్. మొదటిదాంట్లో టైప్ దగ్గర మాడ్యూల్ అనీ, ఎక్స్‌పోర్ట్స్ దగ్గర ఇండెక్స్ ఫైలు దారీ రాయండి. కాన్ఫిగ్‌ను జేసన్‌లో కూడా రాయొచ్చు, కానీ నేను జేఎస్ వైపే మొగ్గుతాను. జేసన్‌లో కామెంట్ రాసే వీలు లేదు. పదిమంది వాడే రూల్ పక్కన అది ఎందుకుందో ఒక లైను రాసి ఉండాలి.

ఇక డిపెండెన్సీలు. ఇక్కడ కాస్త ఆగి చదవండి. స్టైల్‌లింట్‌ను పీర్ డిపెండెన్సీగా పెట్టాలి, వెర్షన్ 16 అని చెప్పాలి. అంటే అసలు స్టైల్‌లింట్ వాడేవాళ్ల ప్రాజెక్టులో ఉంటుంది, మన ప్యాకేజీ దానితో కలిసి పనిచేస్తుంది. మనం ఆధారం చేసుకునే రెడీమేడ్ రూల్స్ ప్యాకేజీ స్టైల్‌లింట్-కాన్ఫిగ్-స్టాండర్డ్‌ను మాత్రం మామూలు డిపెండెన్సీల్లోనే పెట్టాలి. దాన్ని డెవ్ డిపెండెన్సీల్లో పెడితే మీ మెషీన్‌లో అంతా బాగానే నడుస్తుంది. మీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు మాత్రం ఆ కాన్ఫిగ్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే డెవ్ డిపెండెన్సీలు వాళ్లదాకా చేరవు.

ఇండెక్స్ ఫైలులో ఒకే ఆబ్జెక్టును డిఫాల్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తాం. అందులో ఎక్స్‌టెండ్స్ అనే కీకి స్టాండర్డ్ కాన్ఫిగ్ పేరు, రూల్స్ అనే కీలో మన సొంత రూల్స్. స్టాండర్డ్ కాన్ఫిగ్ తన వంతుగా రికమెండెడ్ కాన్ఫిగ్‌ను లోపలికి తెచ్చుకుంటుంది కాబట్టి రెండూ రాయనక్కర్లేదు. స్పేసులు, కామాల గోల ఇందులో పెట్టకండి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్ 15లో అలాంటి 76 రూల్స్‌ను పక్కన పెట్టేస్తున్నట్టు ప్రకటించారు, అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 16లో తీసేశారు. ఆ పని కోడ్‌ను ఫార్మాట్ చేసే ప్రెటియర్ అనే టూల్‌కు వదిలేయడం మంచిది.

సొంత రూల్‌కు ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలుగు పేజీల్లో లైన్-హైట్‌ను పిక్సెళ్లలో 20 అని బిగించేస్తే, ఫాంట్ సైజు పెరిగినప్పుడు పై లైనులోని ఒత్తులు కింది లైనులోని గుడి మీద పడతాయి. ‘రాష్ట్రం’ కింద ‘కీర్తి’ వచ్చేలా రెండు లైన్లు పేర్చి చూడండి, ఇబ్బంది కళ్లకు కడుతుంది. దీన్ని ఆపేది డిక్లరేషన్-ప్రాపర్టీ-యూనిట్-డిస్‌అలౌడ్-లిస్ట్ అనే రూల్. దానికి లైన్-హైట్ దగ్గర పిక్సెల్ యూనిట్ నిషేధం అని చెప్పండి. రెండో ఆప్షన్‌గా మెసేజ్ ఇవ్వొచ్చు: ‘లైన్-హైట్‌కు యూనిట్ వద్దు, 1.6 లాంటి అంకె రాయండి’. ఎర్రర్ చూసినవాళ్లకు ఏం చేయాలో అక్కడికక్కడే తెలుస్తుంది. ఫాంట్ పేర్ల చివర శాన్స్-సెరిఫ్ లాంటి సాధారణ పేరు మరిచిపోతే పట్టుకునే రూల్ రికమెండెడ్‌లోనే ఉంది, మళ్లీ రాయక్కర్లేదు.

ఒక రూల్‌ను తిరగరాస్తే పాతదానికి కొత్తది అతుక్కోదు, పాతది పూర్తిగా పోయి కొత్తదే మిగులుతుంది. క్లాసు పేర్ల నమూనా చూసే రూల్‌కు స్టాండర్డ్‌లో చక్కటి మెసేజ్ ఉంది. మీ నమూనా పెట్టి మెసేజ్ ఇవ్వకపోతే టీమ్‌కు ఒక రెగెక్స్ (నమూనాను గుర్తుల్లో రాసే పద్ధతి) కనిపిస్తుంది, అంతే. అసలు రూలే వద్దనుకుంటే విలువగా నల్ ఇవ్వండి. ఇంకొకటి, ఇగ్నోర్‌ఫైల్స్ షేర్డ్ కాన్ఫిగ్‌లో రాసినా ఉపయోగం లేదు. ఎక్స్‌టెండ్ చేసిన కాన్ఫిగ్‌లోని ఆ జాబితాను స్టైల్‌లింట్ పట్టించుకోదు. అది ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టులోనే ఉండాలి.

పబ్లిష్ చేసే ముందు పరీక్ష. చాలామంది ఫోల్డర్‌ను నేరుగా లింక్ చేసి చూస్తారు. దానికంటే ఎన్‌పీఎం ప్యాక్ కమాండ్ నయం. అది పబ్లిష్ అయ్యేదాన్ని యథాతథంగా ఒక టీజీజడ్ ఫైలుగా ఇస్తుంది. రూల్స్‌ను వేరే ఫైలులో పెట్టి, దాని పేరు ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని ఫైల్స్ జాబితాలో రాయడం మరిచిపోయారనుకోండి, లింక్ చేసినప్పుడు ఆ లోపం దాగిపోతుంది, ఇక్కడ బయటపడుతుంది. ఆ టీజీజడ్‌ను ఒక ఖాళీ ప్రాజెక్టులో ఇన్‌స్టాల్ చేయండి, స్టైల్‌లింట్ కూడా పెట్టండి, కాన్ఫిగ్‌లో ఎక్స్‌టెండ్స్ ఒక్కటే రాయండి. ఒక సీఎస్ఎస్ ఫైలులో కావాలనే ఖాళీ బ్లాక్ ఒకటి, పిక్సెళ్లలో లైన్-హైట్ ఒకటి రాసి నడిపితే రెండు ఎర్రర్లు కనబడాలి. రాకపోతే ప్రింట్-కాన్ఫిగ్ ఆప్షన్‌తో అదే ఫైలు పేరు ఇవ్వండి, చివరికి ఏ రూల్స్ అమలవుతున్నాయో మొత్తం చూపిస్తుంది.

పాత ప్రాజెక్టులో పెట్టగానే వందల ఎర్రర్లు వస్తే టెన్షన్ పడకండి. ఆ ప్రాజెక్టులో డిఫాల్ట్‌సివియారిటీని వార్నింగ్ అని పెట్టి, ఒక్కో ఫోల్డర్ శుభ్రం చేసుకుంటూ రండి. షేర్డ్ కాన్ఫిగ్‌ను మాత్రం మెత్తబరచకండి.

అభ్యాసం: మీ టీమ్ రివ్యూల్లో పదే పదే రాసే కామెంట్లలో మూడింటిని ఎంచుకుని, వాటికి రూల్స్ వెతికి, కారణాలతో సహా ఇండెక్స్ ఫైలులో చేర్చండి. కొత్త రూల్ చేరిస్తే నిన్నటిదాకా పాసైన బిల్డ్ ఇవాళ ఫెయిల్ కావొచ్చు, కాబట్టి దాన్ని మేజర్ వెర్షన్‌గానే విడుదల చేయాలి. ఆ వెర్షన్ల లెక్క, పబ్లిష్ చేసే పద్ధతి నాలుగో భాగంలో.