దసరా సెలవుల్లో పిల్లలతో అటక దించేముందు

మన నెల్లూరు జిల్లాకు అసలు వాన దసరా తర్వాతే. నైరుతిలో మనకు పడేది తక్కువ. ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. తుఫాన్లూ ఎక్కువగా అప్పుడే. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది. మాది కోవూరు వైపు. వాకిట్లోకి నీళ్ళొచ్చాక సామాను మిద్దె మీదికి మోస్తుంటే, ఏ మూట ముఖ్యమో ఏది చెత్తో తేల్చుకునే టైము లేదు. ఇంటి దస్తావేజులున్న సంచీ, పాత పేపర్ల కట్టా ఒకే మూల ఉన్నాయి. అప్పటి నుంచి ప్రతి దసరా సెలవుల్లో ఇల్లంతా ఒకసారి దించి సర్దుతున్నాం. పిల్లలు కూడా పనిచేస్తారు. ఏ వస్తువు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి కదా.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్తాను. పిల్లల చేతికి ఇచ్చే ఏ పెట్టె అయినా, ఏ మూట అయినా ముందు మీరు విప్పి చూసిందై ఉండాలి. మొదటి ఏడాది మేం అలా చేయలేదు.

మా ఇంట్లో బొమ్మల కొలువు దసరాకే. బొమ్మల ట్రంకు పెట్టె కిందికి దిగిందో లేదో, మా పాప దాని ముందు కూర్చుంది. అప్పుడు నాలుగేళ్ళు. మా ఆయన అటక మీద ఉన్నారు, నేను నిచ్చెన పట్టుకున్నాను. పాప మూత ఎత్తి, పాత వెంకటగిరి చీర ముక్కలో చుట్టిన బొమ్మని విప్పింది. మడతలోంచి తెల్లటి ఉండ ఒకటి దొర్లింది. అరిగి అరిగి శనగ గింజంత అయింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసి, "అమ్మా, పిప్పరమెంటు" అంది. చేతికీ నోటికీ మధ్య జానెడు దూరం. నేను నిచ్చెన వదిలేసి పరిగెత్తాను. పైన మనిషి ఉన్నారన్న సంగతే గుర్తు రాలేదు. ఆయన అటక అంచు పట్టుకుని నిలబడ్డారు కాబట్టి సరిపోయింది.

అది కలరా ఉండ, అంటే నాఫ్తలీన్. కొత్తది గోలీ అంత ఉంటుంది కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఉమ్మేయొచ్చు. ఆవిరై చిక్కిపోయిందే సులువుగా మింగుడుపడుతుంది. కడుపులోకి వెళ్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. పుట్టుకతో జి-సిక్స్-పిడి అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు ఇది మరీ ప్రాణాంతకం. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్ళలో ముందుగా తెలియదు కూడా. లక్షణాలు వెంటనే కనపడవు. ఒకటి రెండు రోజులకు బిడ్డ పాలిపోవడం, కళ్ళు పచ్చబడటం, మూత్రం టీ రంగులో రావడం మొదలవుతుంది. అందుకే మింగిందని తెలిస్తే, బిడ్డ హాయిగా ఆడుకుంటున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. విరుగుడని పాలు, నూనె పట్టించకండి. కొవ్వుతో కలిస్తే అది ఇంకా త్వరగా ఒంట్లోకి ఎక్కుతుంది.

ఆ రోజు నుంచి మాకు రెండు కట్టుబాట్లు. పెద్దవాళ్ళలో ఒకరి పని పిల్లల్ని చూసుకోవడం మాత్రమే, నిచ్చెనా చీపురూ వాళ్ళకి లేవు. రెండోది, ముందురోజు రాత్రి పిల్లలు నిద్రపోయాక మొదటి వడపోత మేమే చేస్తాం.

ఆ రాత్రి వెతకాల్సినవి చెప్తాను. వాటర్ బాటిల్లో పోసిపెట్టిన కిరసనాయిలు, పెట్రోలు, యాసిడ్, ఫినాయిల్. చూడటానికి నీళ్ళలాగో షర్బత్‌లాగో ఉంటాయి, సీసా కూడా పిల్లలు రోజూ తాగేదే. పొలం మందు డబ్బాల అడుగున మిగిలిన చుక్కలు, ఎలుకల మందు కూడా చూడాలి. కిరసనాయిలు తాగిన బిడ్డకు ఎప్పుడూ వాంతి చేయించకూడదు. పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు ప్రమాదం అక్కడే. బాత్రూమ్ కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకే రోజు ఒకే చోట వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు వేసిన బాత్రూములో అది ఊపిరి ఆడనివ్వదు.

పాత మాత్రలన్నీ తీసేయండి. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన ఐరన్ మాత్రలు ఏళ్ళ తరబడి డ్రాయర్లలో పడి ఉంటాయి. ఎర్రగా, నున్నగా, చాక్లెట్ బిళ్ళల్లా ఉంటాయి. చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

బటన్ బ్యాటరీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాటిని ఎవరూ పట్టించుకోరు. పాడైన రిమోట్, లైటు వెలిగే బొమ్మ, కాలిక్యులేటర్, పాట పాడే గ్రీటింగ్ కార్డు, వీటన్నిట్లో రూపాయి బిళ్ళలా మెరిసే బ్యాటరీ ఉంటుంది. అది అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తడితో కరెంటు పారి, రెండు గంటల్లోనే కండని కాల్చేస్తుంది. బిడ్డ చొంగ కారుస్తూ, అన్నం వద్దంటూ, దగ్గుతూ ఉంటే, ఇంట్లో ఆ బ్యాటరీ ఒకటి లెక్క తగ్గితే, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి వెంటనే బయలుదేరండి. ఏడాది దాటిన పిల్లలకు దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వచ్చు. కాలే వేగం కొంత తగ్గుతుంది. తేనె కోసం వెతుకుతూ మాత్రం ఆగకండి. ఇంకేమీ తినిపించకండి, వాంతి చేయించకండి. తీసేసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని డబ్బాలో వేయండి. ఉబ్బిన ఫోను బ్యాటరీలను కూడా విడిగా పెట్టండి. వాటిని గుచ్చితే మంట లేస్తుంది.

పాత పాదరసం థర్మామీటర్ ఉంటే పగలకముందే తీసి డబ్బాలో భద్రంగా పెట్టండి. పగిలితే చీపురుతో ఊడవకండి, చిన్న బిందువులై గదంతా పాకుతుంది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, గట్టి అట్టముక్కతో నెమ్మదిగా ఒకచోటికి తెచ్చి మూత ఉన్న సీసాలోకి తీయాలి.

ఇక దొడ్డి. అక్కడి పని పెద్దవాళ్ళదే, అదీ పగటి వెలుతురులోనే. ఇటుకల వరస, తాటాకుల మోపు, కట్టెల గుట్ట, బోర్లించిన కుండ, వీటి దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. బూట్లు, నిండు చేతుల చొక్కా, చేతిలో కర్ర ఉండాలి. రేకుని ఎత్తేటప్పుడు మీకు అవతల ఉన్న అంచుని కర్రతో లేపి మీ వైపు తిప్పండి. లోపలున్నది అవతలికి పోతుంది, మధ్యలో రేకు మీకు అడ్డు. పోయిన ఏడాది మా దొడ్లో పెంకుల కింద నుంచి చిటికెన వేలంత ఎర్ర తేలు ఒకటి తోక ఎత్తి వచ్చింది. చూడ్డానికి నల్లటి మండ్రగబ్బే భయం పుట్టిస్తుంది గానీ, పిల్లలకు ఈ చిన్న ఎర్ర తేలే ప్రమాదం. కుట్టాక ఒళ్ళంతా చెమటలు, వాంతులు, చేతులూ కాళ్ళూ చల్లబడటం కనిపిస్తే గుండెకు దెబ్బ తగులుతోందని అర్థం. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రజోసిన్ అనే మాత్రతో ఈ చావులు తగ్గించొచ్చని చూపించారు. అది త్వరగా పడితేనే పనిచేస్తుంది. మంత్రం వేయించి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి.

పాముల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగే మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి. నాలుగింటికీ ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు ఒకటే కాబట్టి పాముని పట్టి చూపించాల్సిన పని లేదు. గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద ఆధారంగా ఉంచి 108కి ఫోన్ చేయండి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే ఉండదు. వాన మొదలయ్యాక కింద పడుకున్న బిడ్డ పొద్దున కడుపునొప్పి అంటూ కళ్ళు మూతలు పడేస్తుంటే దాన్ని అజీర్తి అనుకోకండి.

పాత సిమెంటు రేకులు పిల్లలతో విరగ్గొట్టించకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి పీలిస్తే ఏళ్ళ తర్వాత కేన్సర్ రావచ్చు. తడిపి, ముక్కలు చేయకుండా పెద్దవాళ్ళే మోయాలి. ఎలుక పెంటికలు ఉన్న మూల కూడా అంతే. పొడిగా ఊడవకుండా బ్లీచింగ్ నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి గుడ్డతో తీయండి. పాత తలుపులకు, ఉయ్యాలకు ఉన్న పెయింటు గీకే పని ఉంటే పిల్లలు ఆ గదిలోనే ఉండకూడదు. ఇళ్ళ పెయింట్లలో సీసం (లెడ్) అనే లోహానికి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, అన్న హద్దు వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు.

పాడైన ఫ్రిజ్ బయట పెడితే తలుపు ఊడదీసి పెట్టండి. దాగుడుమూతల్లో లోపలికి దూరితే అరుపు కూడా బయటికి రాదు. బీరువా అరలన్నీ ఒకేసారి తెరవనివ్వకండి, ముందుకి ఒరుగుతుంది. ఎంత బరువు మోయించాలో తెలియకపోతే బడి సంచికి 2020లో కేంద్రం పెట్టిన హద్దే గుర్తుపెట్టుకోండి: పిల్లల బరువులో పదో వంతు. 25 కిలోల పిల్లవాడికి రెండున్నర కిలోలు. రోలూ, పొత్రం, ఇత్తడి గుండిగలూ పెద్దవాళ్ళ వాటా. మేకు గీసుకోవడం మామూలే కాబట్టి ముందే టీకాల కార్డు తీసి, ఐదు, పది, పదహారేళ్ళప్పుడు వేసే ధనుర్వాతం టీకా పడిందో లేదో చూడండి.

ఇన్ని చెప్పాక పిల్లలకు ఏం మిగిలింది అనిపిస్తుంది. చాలా మిగిలింది. పుస్తకాలు వేరుచేయడం, బట్టలు మడతపెట్టడం, గిన్నెలు తుడవడం, బొమ్మల లెక్క రాయడం. పొద్దున గంటన్నర, సాయంత్రం గంట చాలు. అంతకు మించితే అలిసిపోతారు, అలిసిన చేతులే జారతాయి.

పిల్లల వస్తువులు వాళ్ళని అడక్కుండా పారేయకండి. ఇది కూడా జాగ్రత్తే. తొండం విరిగిన ఏనుగు మనకి చెత్త. పాపకి అది జ్వరంలో పక్కన పడుకున్న తోడు. ఒకసారి పాప నిద్రపోతున్నప్పుడు దాన్ని పారేసి, తర్వాత నెల రోజులు తను తన అలమరాకు కాపలా కాయడం చూశాను. ఇప్పుడు ఇద్దరికీ చెరో అట్టపెట్టె ఇస్తాం. అందులో పట్టినన్ని వాళ్ళవి, ఏవి ఉంచుకోవాలో వాళ్ళిష్టం. మా అత్తమ్మకీ అంతే. మామయ్య కళ్ళజోడు ఆమె తీయమంటేనే తీస్తాం. పిల్లలు అది చూస్తున్నారు.

కాగితాలు మాత్రం పిల్లలు సైజు ప్రకారం పేర్చొచ్చు గానీ, పెద్దవాళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూడకుండా పాతపేపర్ల బండికి పోకూడదు. దస్తావేజులు, పాసుపుస్తకాలు, టీకాల కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నీళ్ళొస్తే ఎత్తుకెళ్ళే సంచిలోకి ముందే చేరాలి. ఆ సంచి ఎక్కడుందో మా పెద్దోడికి కూడా తెలుసు.

తీసేసిన సామాను ఆ సాయంత్రానికే గుమ్మం దాటించండి. వరండాలో పెట్టిన మూటని మర్నాడు పిల్లలు మళ్ళీ విప్పుతారు. టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు బయట ఉండిపోతే వానకి దోమల తొట్లవుతాయి. సంపు మూత సరిగ్గా పడిందో లేదో స్వయంగా కాలితో తట్టి చూడండి. అందరూ తలస్నానం చేశాకే అన్నానికి కూర్చోవాలి.

బొమ్మల పెట్టె మళ్ళీ అటక ఎక్కేటప్పుడు కలరా ఉండల బదులు ఎండిన వేపాకు వేస్తున్నాం. మూత మీద మా పెద్దోడు స్కెచ్ పెన్నుతో రాశాడు: "బొమ్మలు. అమ్మ వచ్చాకే తెరవాలి."