ఆయాసం కనిపెట్టడం – మూడో పాఠం: తలగడల లెక్క

పోయిన పాఠంలో ఊపిరి లెక్క, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో చూడటం, చెప్పాను. మీరు పంపిన అంకెలు చూస్తే 16, 20, 24, 28. అన్నీ నాలుగో ఎక్కంలోవే. అంటే పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేశారు. అలా చేయకండి. గుండె బలహీనపడిన కొందరికి నిద్రలో ఊపిరి పెరుగుతూ పోయి, తగ్గుతూ వచ్చి, కాసేపు పూర్తిగా ఆగి, మళ్లీ మొదలవుతుంది. సరిగ్గా ఆ ఆగినప్పుడు చూస్తే మీ లెక్క ఎందుకూ పనికిరాదు. నిండు నిమిషం చూడాలి. నేనైతే నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని కూర్చుంటాను. లెక్కపెడుతున్నామని తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. పెద్దవాళ్లకి 12 నుంచి 20 మామూలు.

ఇక ఈసారి పాఠం. గుండె ఎడమ గది రక్తాన్ని సరిగా తోయలేకపోతే, ఊపిరితిత్తుల నుంచి రావాల్సిన రక్తం వెనకాలే నిలిచిపోతుంది. సన్నని నాళాల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ముందు గాలిగదుల గోడల్లో, ముదిరితే వాటి లోపల చేరుతుంది. ఊపిరితిత్తి బిగుసుకుపోయి, ప్రతి ఊపిరికీ బలం పెట్టాల్సి వస్తుంది. వెల్లకిలా పడుకుంటే కాళ్లలో, పొట్టలో ఉన్న రక్తం పావు లీటరు నుంచి అర లీటరు దాకా ఛాతీలోకి చేరుతుంది. అందుకే పడుకోగానే ఆయాసం, లేచి కూర్చుంటే ఊరట. తల ఎత్తుగా ఉంచుకోవడానికి తలగడలు పెరిగేదీ అందుకే.

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. "పడుకుంటే ఆయాసం వస్తోందా?" అని అడుగుతారు. లేదంటారు. లేదని రాసుకుని వచ్చేస్తారు.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మా వీధి పెద్దాయన్ని నేనూ అలాగే అడిగాను. "లేదమ్మా, హాయిగా నిద్ర పడుతోంది" అన్నారు. లోపల్నుంచి మామ్మగారు, "ఆయన మంచమెక్కి రెండు నెలలైంది, ఆ పడక్కుర్చీలోనే నిద్ర" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. పడుకోవడమే మానేశారు, ఇక ఆయాసం ఎక్కణ్నుంచి వస్తుంది?

కాబట్టి ఆయాసం మాటెత్తకండి. ఇవి అడగండి: ఎన్ని తలగడలు? దసరాకి ఎన్ని ఉండేవి? ఒకటి తీసేస్తే ఏమవుతుంది? నిద్రపట్టిన గంటా రెండు గంటలకి ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే రొప్పు వస్తోందా? వీలైతే మంచం మీరే చూడండి. తలగడ కింద మడతపెట్టిన దుప్పటి ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది.

గుండె వల్ల కూడా పిల్లికూతలు వస్తాయి. మన దగ్గర చిక్కేమిటంటే, ఒడియాలో శ్వాసరోగం అంటే ఉబ్బసమే. డాక్టరు దగ్గర "శ్వాస" అని ఊరుకుంటే ఆలోచన అటే పోతుంది. "మూడు తలగడలు, రాత్రి లేస్తున్నారు, కాళ్లు వాచాయి" అని విడమరచి చెప్పండి.

గులాబీ రంగు నురగ కఫం, పెదవులు నీలం, మాట పూర్తిచేయలేనంత ఎగశ్వాస. వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచండి.

అభ్యాసం: గుండె జబ్బున్న ఒకరిని ఎంచుకుని ఏడు రోజులు రాయండి. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు; రాత్రి తలగడలు; నిద్రలో నిండు నిమిషం ఊపిరి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఏడో రోజు దాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి. తూకం యంత్రం లేని ఇంట్లో చీలమండ పైన బొటనవేలితో నొక్కి, గుంట పడిందో లేదో రాయండి.