గుద్దుకున్న పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి డోరు సందు కుదరకపోతే
వెంటనే సుత్తి పట్టుకోకండి. ముందు బండిని చదునైన గచ్చు మీద నాలుగు చక్రాలపై నిలబెట్టండి, ఎందుకంటే ఎంజీబీకి విడిగా ఛాసిస్ (కింద ఇనుప చట్రం) ఉండదు, జాకీ మీద ఎత్తితే బాడీయే కాస్త వంగి కొలతలు తప్పుతాయి. డోరు తెరిచి చివర పట్టుకుని పైకి లేపి చూడండి. లొడలొడలాడితే కీలు పిన్ను అరిగినట్టే. మన అమలాపురం వైపు ఉప్పుగాలికి డోరు కింద సిల్లు (గడప లాంటి రేకు దూలం) లోపల్నుంచే తుప్పు పడుతుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు పొరలుగా రాలుతుంది. అలాంటప్పుడు బాడీ కుంగకుండా డోరు ఖాళీకి అడ్డంగా ఇనుప పైపు వెల్డింగ్ చేయించకుండా సిల్లు అస్సలు కోయనివ్వద్దు. వెనక ఫెండర్ (చక్రం మీది రేకు) వెల్డింగ్‌తో ఉంటుంది కాబట్టి డోరుని దానికి సరిపెట్టి, ఆ తర్వాతే బోల్టుల మీదున్న ముందు ఫెండర్, చివర్న బానెట్. నేనైతే 4 మిల్లీమీటర్ల అట్టముక్క సందు పొడుగునా ఒకేలా జారేదాకా పుట్టీ డబ్బా మూత తియ్యనివ్వను.