కారు తాళం పాఠాలు – 4: రిమోట్ వేరు, చిప్పు వేరు

ఈ భాగంలో నేరుగా ప్రోగ్రామింగ్‌లోకి, అంటే బండి కొత్త కీని గుర్తుపట్టేలా చేయడంలోకి, దిగుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి కీ షెల్లు (కీ పైనుండే ప్లాస్టిక్ డొక్క) మార్చుకున్నవాళ్ళలో నలుగురైదుగురు ఒకే ఇబ్బంది చెప్పారు. డోర్లు తెరుచుకుంటున్నాయి, సెల్ఫ్ కొడుతోంది, బండి మాత్రం స్టార్ట్ అవ్వడం లేదట. ఒకాయన రిమోట్ మళ్ళీ ప్రోగ్రామ్ చేయించాలేమో అని బండిని ఆటోనగర్ దాకా లాగించుకుని వెళ్ళారు. ఆ ఖర్చు నా పాఠం వల్లే అయింది. "పాత షెల్లులో ఉన్నవన్నీ కొత్తదాంట్లో పెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అన్నీ అంటే ఏవేవో చెప్పలేదు. ముందు అది సరిచేస్తాను.

మీ చేతిలో ఉన్న కీ చూడ్డానికి ఒకటే కానీ, అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వస్తువులున్నాయి. బ్లేడు, అంటే కీలోని లోహపు ముక్క, ఇగ్నిషన్ బారెల్‌ని (కీ పెట్టి తిప్పే గొట్టాన్ని) తిప్పుతుంది. రిమోట్ డోర్లు తీసి వేస్తుంది. చిప్పు ఇంజన్‌కి అనుమతి ఇస్తుంది. మీలో చాలామంది వదిలేసింది ఈ మూడోదాన్నే.

కీ తిప్పగానే ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి ఒక తరంగం వస్తుంది. చాలా బండ్లలో అది 125 కిలోహెర్ట్జ్. చిప్పు తనకు కావలసిన కాస్త కరెంటునూ ఆ తరంగం నుంచే తీసుకుని జవాబు పంపుతుంది. జవాబు సరిపోతే ఇంజన్ నడుస్తుంది. సరిపోకపోతే సెల్ఫ్ కొడుతూనే ఉంటుంది, లేదా స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతుంది. మీటర్ బోర్డులో కారు బొమ్మ మీద తాళం గుర్తు కొట్టుకుంటూ ఉంటుంది. చిప్పుకి సెల్లుతో పనే లేదు. సెల్లు అయిపోయినా, రిమోట్ బోర్డు తడిసి పాడైపోయినా, చిప్పు బాగుంటే బండి స్టార్ట్ అవుతుంది. రిమోట్ సంగతి పూర్తిగా వేరు. మన దేశంలో ఎక్కువ బండ్ల రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ రేడియోతో, సెల్లు మీద పనిచేస్తాయి. డోర్ తీసినంత మాత్రాన కీ బాగున్నట్టు కాదు.

ఇప్పుడు మీ పాత షెల్లు తీసుకుని ట్యూబ్‌లైటు కింద కూర్చోండి. పారేసి ఉంటే చెత్తబుట్ట వెతకండి, నిజంగానే చెబుతున్నాను. బోర్డు ఉండే గది కాకుండా బ్లేడు మొదలు దగ్గర, లోపలి గోడకి ఆనుకుని ఒక చిన్న గాడి ఉంటుంది. దాంట్లో నల్లటి ముక్క ఇరుక్కుని ఉంటుంది. పొడవు 12 మిల్లీమీటర్లు, వెడల్పు 6, మందం 3. చింతగింజను అడ్డంగా సగం చీల్చినట్టుంటుంది. ప్లాస్టిక్ రంగులోనే ఉండటంతో షెల్లులో భాగమే అనిపిస్తుంది, అక్కడే అందరూ పొరబడతారు. కొన్ని కీలలో సన్న బియ్యపుగింజలా గాజు గొట్టం ఉంటుంది. ఇంకొన్నిటిలో చిప్పు రిమోట్ బోర్డులోనే కలిసి ఉంటుంది, అలాంటివాళ్ళకి ఈ గొడవ రాలేదు. ముక్క బిగుసుకుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. గాజుదైతే అక్కడికక్కడే పగిలిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో షెల్లుని ఒక నిమిషం వెచ్చబెట్టి, బోర్లించి బల్ల మీద మెల్లగా తట్టండి, జారి పడుతుంది. దాన్ని కొత్త షెల్లు గాడిలో పెట్టి, కదలకుండా ఒక చుక్క జిగురు వేయండి. ఇందులో ప్రోగ్రామింగ్ ఏమీ లేదు. బండి స్టార్ట్ అవుతుంది.

సెల్లు మారిస్తే కీ ప్రోగ్రామింగ్ పోతుందా అని కూడా అడిగారు. చిప్పుది అసలు పోదు. రిమోట్‌ది కూడా మామూలుగా పోదు. పోయిందని చెప్పి డబ్బులు అడిగితే సరే అనకండి. పాత సెల్లు మీద ఏముందో అదే వేయండి. సీఆర్2032 చోట సీఆర్2025 పెడితే మందం 3.2 నుంచి 2.5 మిల్లీమీటర్లకి తగ్గి, కీ జేబులో కదిలినప్పుడల్లా కాంటాక్ట్ వదిలేస్తుంది. ఇంకో మాట. టీవీ రిమోట్‌లాగా కారు రిమోట్‌ని ఫోన్ కెమెరా ముందు పెట్టి వెలుగు వస్తోందా అని చూడకండి. అది ఇన్‌ఫ్రారెడ్ కాదు, రేడియో. కెమెరాకి ఏమీ కనపడదు.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి తడిసిన కీలు చాలా వచ్చాయి. వాటిలో చిప్పులు దాదాపు అన్నీ బతికాయి, బోర్డులే పాడయ్యాయి. కీ తడిస్తే మొట్టమొదట సెల్లు తీసేయాలి. సెల్లు లోపల ఉన్నంతసేపూ బోర్డు మీద రాగిని తుప్పు తినేస్తూనే ఉంటుంది. ఎండలో పెట్టడం, బియ్యం డబ్బాలో దాచడం కంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగడం నయం.

ఇక కొత్త కీ ఎక్కించడం. బ్లేడు కటింగ్ మీకు వచ్చు, దాని గురించి మళ్ళీ చెప్పను. ముందు కట్ చేసి, బారెల్ తిరుగుతోందని చూసుకున్నాకే చిప్పు జోలికి వెళ్ళండి.

పని చేస్తున్న కీలోని చిప్పు రకాన్ని కీ టూల్‌తో (చిప్పుని చదివే చిన్న పరికరం) చదవండి. ఐడీ 46 అని వస్తే హిటాగ్ 2 రకం చిప్పు, 47 అని వస్తే హిటాగ్ 3. అదే రకం కొత్త చిప్పు కొనాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే వాడిన కీలు కొనొద్దు. ఒక బండికి ఎక్కిన చిప్పుకి చాలావరకు తాళం పడిపోతుంది. ఇంకో బండి దాన్ని తీసుకోదు. తాళం తీసే పరికరాలు కొన్నిటికి ఉన్నాయి కానీ, నేర్చుకునే దశలో ఆ తలనొప్పి మీకు వద్దు.

బండి బ్యాటరీ 12.4 వోల్ట్లకి తగ్గకూడదు. ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపేయండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే రాస్తున్న సమాచారం సగంలో ఆగి, కీతో పోయేది ఇంజన్ని నడిపే కంప్యూటర్ (ఈసీఎమ్) దాకా వస్తుంది. నేనైతే వేసవిలో చార్జర్ తగిలించకుండా ఏ బండీ ముట్టుకోను. స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్లతో మాట్లాడే చోటు) స్కానర్ తగిలించి, ఇమ్మొబిలైజర్, అంటే చిప్పు జవాబుని సరిచూసే వ్యవస్థ, మెనూలోకి వెళ్ళండి. ముందు ఏమీ మార్చకుండా ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చదివి కాగితం మీద రాసుకోండి.

ఇక్కడ ఒక్క విషయం సాగదీసి చెబుతాను, విసుక్కోకండి. బండికి ఉన్న కీలన్నీ మీ చేతిలో ఉండాలి. కొత్తదొక్కటి చాలు అనుకుంటారు, చాలదు. హ్యుందాయ్‌లాంటి బండ్లలో కొత్త కీ నేర్పడం మొదలుపెడితే పాత జాబితా చెరిగిపోతుంది. ఆ పూట ఇగ్నిషన్‌లో పెట్టి నేర్పినవే మిగులుతాయి. ఇంట్లో బీరువాలో ఉన్న రెండో కీ ఆ క్షణం నుంచి ఉత్త ఇనప ముక్క. డోర్ తీస్తుంది, రిమోట్ పనిచేస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

కొత్తల్లో నేనూ ఈ తప్పు చేశాను. గవర్నర్‌పేట నుంచి ఒక పెద్దాయన వచ్చి ఒక కీ పోయిందన్నారు. ఉన్న కీ, కొత్త కీ రెండూ నేర్పించి పంపించాను. మూడో కీ హైదరాబాదులో వాళ్ళబ్బాయి దగ్గరుందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సంక్రాంతికి ఆ అబ్బాయి వచ్చి, అమ్మకి ఒంట్లో బాగోలేదని రాత్రి పదకొండింటికి తన దగ్గరున్న కీతో బండి తీయబోతే స్టార్ట్ కాలేదు. చివరికి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. ఆమె కోలుకున్నారు కానీ, ఆ ఫోన్ నేను మర్చిపోలేదు. అప్పటినుంచి నా మొదటి ప్రశ్న "మొత్తం కీలు ఎన్ని, ఎవరెవరి దగ్గరున్నాయి?" స్కానర్ చూపించిన లెక్క, మనిషి చెప్పిన లెక్క కలవకపోతే పని మొదలుపెట్టను. అందరూ ఒక్కచోటికి వచ్చే రోజు రమ్మంటాను.

అన్నీ తెచ్చారు కదా అని ఒకే రింగుకి గుచ్చి పెట్టొద్దు. బారెల్‌లో ఒక కీ, దాని కింద వేలాడుతూ ఇంకో కీ ఉంటే, తీగచుట్ట దగ్గర రెండు చిప్పులూ ఒకేసారి మాట్లాడి ఒకదాన్నొకటి చెడగొడతాయి. విడదీసి, ఒకటి నేర్పుతుండగా మిగతావి ఒక మీటరు దూరంలో ఉంచండి.

కీ నేర్పడానికి స్కానర్ అడిగే రహస్య సంఖ్యే పిన్, దాని దగ్గర తొందరపడొద్దు. హ్యుందాయ్‌లో అది ఆరంకెలు. వరుసగా మూడుసార్లు తప్పు కొడితే గంటసేపు తాళం పడుతుంది. బ్యాటరీ వైరు తీసి పెడితే పోతుందనుకుంటారు, వైరు తగిలించాక గంట మళ్ళీ మొదటి నుంచి లెక్క. నాలుగు కీలకి మించి ఎక్కవు. పని అయ్యాక ఒక్కో కీతో స్టార్ట్ చేసి, పది సెకన్లు నడవనిచ్చి, ఆపి, తర్వాతది పెట్టండి. రిమోట్లు వేరుగా కలపాలి. కొన్ని బండ్లకి స్కానర్‌తో, కొన్నిటికి డోర్, కీ, బటన్ల వరసతో.

ఆర్‌సీ, ఓనర్ గుర్తింపు కార్డు చూడకుండా ఎవరికీ కీ చేయకండి, తెలిసినవాళ్ళ సిఫారసు మీద వచ్చినా సరే. ఈ విద్య దొంగకి పనికొచ్చిన రోజు మన అందరి పేరూ పోతుంది. పాడైన ఒరిజినల్ కీని కూడా పారేయొద్దని కస్టమర్‌కి చెప్పండి. బండి దొంగతనానికి ఇన్సూరెన్స్ అడిగినప్పుడు రెండు కీలూ చూపించమంటారు.

అభ్యాసం ఈసారి ఎక్కువే. మీ ఇంట్లో, చుట్టుపక్కల కలిపి మూడు వేర్వేరు బండ్ల కీలు సంపాదించండి. ఒక్కోదానికి సెల్లు నంబరు, చిప్పు షెల్లులో ఉందా బోర్డులో ఉందా, ఇంట్లో ఎన్ని కీలున్నాయి, అన్నీ రాయండి. తర్వాత కీ తలకాయకి వంటింటి అల్యూమినియం రేకు రెండు చుట్లు చుట్టి, బ్లేడు మాత్రం బయట ఉంచి, స్టార్ట్ చేయండి. ఇంజన్ అందుకోకపోతే మీటర్ బోర్డులో ఏ గుర్తు ఎలా కొట్టుకుంటోందో బొమ్మ గీయండి. అందుకుంటే రేకు ఇంకా బిగించి మళ్ళీ చూడండి. మూడు బండ్లకీ ఇది చేయకుండా ఐదో భాగానికి రావద్దు.

ఐదో భాగం పుష్ బటన్ బండ్ల స్మార్ట్ కీలది. అవి ఉన్నవాళ్ళు ఈలోపు కీ లోపల దాగున్న చిన్న బ్లేడు బయటికి లాగి, దానితో డ్రైవర్ డోర్ ఒకసారి తీసి చూసుకోండి. కొన్ని బండ్లలో తాళం కన్నం హ్యాండిల్ మీది మూత కింద ఉంటుంది.