పెద్ద టైల్స్ కోసే మిషన్: ముందు బల్ల, తర్వాతే బ్లేడు

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్స్ చేసుకునే నేను టైల్స్ కటింగ్ బల్లలు చెయ్యడం మొదలుపెట్టింది మా బావ వల్ల. ఆయన టైల్స్ మేస్త్రి. ఒకరోజు 800 బై 1600 ఎంఎం టైలు ముక్కలు రెండు చంకన పెట్టుకుని షెడ్డుకొచ్చాడు. "చెయ్యి వణకలేదురా, గీత తప్పలేదు. మరి ఎందుకు విరిగింది?" అన్నాడు. కోత మొదటినుంచీ నున్నగానే ఉంది. చివరి రెండంగుళాల దగ్గర మాత్రం పక్కకు తిరిగి, మూల ఊడిపోయింది.

బ్లేడు మొద్దుబారిందేమో అనుకుని కొత్తది వేశాం. మళ్లీ అదే. సైటుకెళ్లి దగ్గర కూర్చుని చూస్తే అప్పుడు అర్థమైంది. టైలు కింద రెండు చెక్కలు పెట్టారు. కోత చివరికి రాగానే తెగిన ముక్క తన బరువుకి తానే కిందికి వాలుతోంది. 9 ఎంఎం మందం విట్రిఫైడ్ టైలు చదరపు మీటరుకి 20 కిలోలు దాటుతుంది. 800 బై 1600 టైలంటే దాదాపు 27 కిలోలు, 1200 బై 2400 అయితే 60 కిలోల దాకా. ఆ వాలే బరువంతా చివర్లో తెగకుండా మిగిలిన రెండంగుళాల మీద పడితే విరక్క ఏమవుతుంది? పైగా టైలు కాల్చినప్పుడు లోపల ఒత్తిడి కొంత ఉండిపోతుంది. కోత పడగానే అది బయటపడుతుంది. అందుకే పెద్ద టైలుకి మిషన్ చెయ్యాలంటే నేను మోటారు గురించి ఆలోచించను. టైలు కింద ఏముందో చూస్తాను.

మొదట తేల్చుకోవాల్సింది కదిలేది ఏది అని. చిన్న మిషన్లలో బ్లేడు ఒకచోట ఉంటుంది, టైలుని తోస్తాం. 2400 పొడవు టైలుని అలా తొయ్యాలంటే బ్లేడుకి ముందు 2400, వెనక 2400, దాదాపు 16 అడుగుల బల్ల కావాలి. అపార్ట్‌మెంట్ గదిలో అంత చోటెక్కడిది? పైగా 60 కిలోలు తోస్తుంటే గీత మీద ధ్యాస ఉండదు. కాబట్టి టైలు కదలకూడదు, కట్టరే నడవాలి.

బల్ల ఫ్రేముకి 40 ఎంఎం స్క్వేర్ పైపు, 2 ఎంఎం గేజు వాడతాను. సైజు 2500 బై 1300. ఎత్తు 700 చాలు, అంతకన్నా ఎత్తయితే టైలు ఎక్కించేటప్పుడు నడుము పట్టేస్తుంది. కాళ్లు ఆరు, ఒక్కో కాలికీ అడుగున 16 ఎంఎం బోల్టు. సైటులో నేల ఎలా ఉన్నా బోల్టు తిప్పి రసమట్టానికి తెచ్చుకోవచ్చు. మధ్యలో విడదీసే జాయింటు పెడితే ట్రాలీ ఆటోలో పడుతుంది.

పైన అడ్డంగా నాలుగంగుళాలకొకటి చొప్పున చెక్క పట్టీలు బిగించాలి. పొడవునా దారం లాగి చూస్తే అన్నీ ఆ దారాన్ని ఒకేలా తాకాలి. ఒక్కటి 2 ఎంఎం దిగినా అక్కడ టైలుకి ఆసరా లేనట్టే. బ్లేడు ఈ చెక్కల్లోకి 2, 3 ఎంఎం దిగుతూ పోతుంది, అరిగితే పట్టీ మార్చుకోవడమే.

ఇక గైడు, అంటే కట్టరు తిన్నగా నడిచే పట్టా. 100 బై 40 అల్యూమినియం సెక్షన్, 3 ఎంఎం గోడ ఉన్నది, 10 అడుగులు తీసుకుంటాను. టైలు 2400 అయినా అటూ ఇటూ 300 మిగులుతుంది, కాబట్టి కట్టరు పూర్తిగా టైలు బయట మొదలై బయటే ఆగుతుంది. షాపులో సెక్షన్ కొనేటప్పుడు కంటిని నమ్మొద్దు. నేల మీద దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గియ్యండి. సెక్షన్‌ని గీతకి అవతలి వైపు బోర్లించి అదే అంచుతో మళ్లీ గియ్యండి. రెండు గీతలూ ఒకటైతే తిన్ననిది. మధ్యలో సందు కనబడితే, అసలు వంపు అందులో సగం. నేను ఒకరోజు తొమ్మిది సెక్షన్లు గీసి చూసి రెండే తెచ్చుకున్నాను.

దాని మీద నడిచే బండి కనీసం 300 ఎంఎం పొడవుండాలి. పొట్టిదైతే ఊగుతుంది. పైన రెండు బేరింగులు, పక్కలకి రెండేసి. ఒక పక్క బేరింగుల రంధ్రాలు కోలగా చేస్తే, వదులై ఆట వచ్చినప్పుడు జరిపి బిగించుకోవచ్చు. మామూలు నాలుగంగుళాల మార్బుల్ కట్టరుని దీని పక్కన బోల్టులతో బిగిస్తాను. కట్టరు అడుగుప్లేటు టైలు మీదే జారాలి, దాని కింద పలచని నైలాన్ షీటు అంటిస్తే గ్లేజు, అంటే టైలు పైన మెరిసే పొర, మీద గీతలు పడవు. గైడు అడుగున రబ్బరు పట్టీ, రెండు చివర్లా బల్లకి బిగించే క్లాంపు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. బ్లేడు గైడుకి సమాంతరంగా లేకపోతే దాని వెనక అంచు కోతని రుద్దుతుంది, పెచ్చులు లేస్తాయి. ప్లగ్గు తీసేసి, బ్లేడు అంచు మీద మార్కరుతో ఒక చుక్క పెట్టండి. చుక్కని ముందుకు తెచ్చి గైడు నుంచి కొలవండి, చేత్తో తిప్పి అదే చుక్కని వెనక్కి తెచ్చి కొలవండి. రెండు చోట్లా ఒకే చుక్క కాబట్టి బ్లేడు వంకర మనల్ని మోసం చెయ్యదు. తేడా వస్తే బోల్టు దగ్గర పలచని రేకుముక్క పెట్టి సరిచెయ్యాలి.

నీళ్లకి ఎయిర్‌కూలర్ పంపు, రెండు బకెట్లు. మొదటి బకెట్లో మడ్డి దిగాక తేటనీళ్లు రెండోదాంట్లోకి పోవాలి, పంపు అందులో ఉండాలి. నీళ్లు బ్లేడు కోసేచోటే పడాలి. పొడిగా కోస్తే లేచే ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని పాడుచేస్తే నయం చేసే మందు లేదు. నీళ్లూ కరెంటూ పక్కపక్కనే కాబట్టి పంపు, కట్టరు రెండూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) మీదే నడవాలి, ఫ్రేముకి ఎర్తింగ్ ఉండాలి. నిమిషానికి 12 వేల చుట్లు తిరిగే బ్లేడు మీద గార్డు తియ్యమని అడిగినవాళ్లకి నేను బల్ల అమ్మలేదు.

కోసేటప్పుడు, గ్లేజు పైకి పెట్టి ముందు 2 ఎంఎం లోతున ఒక గీత. తర్వాత అవతలి చివర మూడంగుళాలు పూర్తిగా కోసి, ఇవతలి నుంచి వచ్చి దాన్ని కలుపుకోవాలి. ఎల్ ఆకారంలో కోయాలంటే లోపలి మూలలో ముందుగా 8 ఎంఎం కోర్‌బిట్‌తో (గుండ్రంగా కోసే గొట్టం బిట్టు) రంధ్రం వేసి, రెండు కోతలూ అందులో ఆగాలి. చదరపు మూల వదిలితే పగులు అక్కడినుంచే బయల్దేరుతుంది.

మొదటి బల్ల మీద బావే కోశాడు, 1200 బై 1800 టైలు. కట్టరు ఆగింది, ముక్క కదల్లేదు. తెగిందో లేదో తెలియక వంగి ఆ సందులో గోరు పెట్టి చూశాడు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా.