చైనా ప్రకటనలు చదవడం ఎలా? నాలుగో పాఠం: మొక్కలు నాటడానికి రాని జనరల్

ముందు పోయినసారి హోంవర్క్ సంగతి చూద్దాం. 2022 అక్టోబరులో చైనా కమ్యూనిస్టు పార్టీ 20వ మహాసభ ముగిశాక ఏర్పడిన కేంద్ర సైనిక కమిషన్‌లోని ఏడుగురి పేర్లు ఒకదాని కింద ఒకటి రాసుకోమన్నాను కదా. రాయనివాళ్లు ఇప్పుడైనా రాసేయండి: షీ జిన్‌పింగ్, జాంగ్ యోషియా, హ వెయ్‌డాంగ్, లీ షాంగ్‌ఫూ, లియూ జెన్‌లీ, మియావ్ హువా, జాంగ్ షెంగ్‌మిన్. ఇందులో మూడు, నాలుగు, ఆరో పేర్లు కొట్టేయండి, వాళ్లను పార్టీలోంచే బహిష్కరించారు. రెండో పేరు, ఐదో పేరు చుట్టూ సున్నా చుట్టండి, వాళ్ల మీద విచారణ మొదలైందని 2026 జనవరి 24న రక్షణ శాఖే చెప్పింది. గీత గానీ సున్నా గానీ లేకుండా మిగిలింది ఇద్దరు. ఒకరు షీ. రెండోవారు సైన్యంలో క్రమశిక్షణ విచారణలు చూసే జాంగ్ షెంగ్‌మిన్. అంటే సుమారు 20 లక్షల మంది సైన్యాన్ని నడపాల్సిన కమిటీలో మిగిలింది ఒక యజమాని, ఒక ఇన్‌స్పెక్టరు.

ఈ పాఠంలో నేర్చుకునేది ఏమిటంటే, ఒక జనరల్ పడిపోయాడని బీజింగ్ అధికారికంగా చెప్పకముందే అది చెప్పీ చెప్పకుండా వదిలే జాడలు పట్టుకోవడం, చెప్పాక ఆ ప్రకటనలో ఏ మాట ఎవరికి వాడారో తూకం వేయడం. దీనికి చైనీస్ రానక్కర్లేదు. చైనా ప్రభుత్వ వార్తాసంస్థ సిన్హువా ఇంగ్లిష్ పేజీ, బ్రౌజర్‌లో అనువాదం బటన్, ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక చాలు.

రెండో పాఠంలో చెప్పుకున్నది ఒక్క ముక్కలో గుర్తు చేస్తాను. మన జవాను ప్రమాణం చేసేది రాజ్యాంగానికి. చైనా సైనికుడి ప్రమాణంలో మొదటి హామీ కమ్యూనిస్టు పార్టీ నాయకత్వానికి లోబడతానని. అది దేశం సైన్యం కాదు, పార్టీ సైన్యం. పార్టీయే తుపాకీని శాసించాలి, తుపాకీ పార్టీని శాసించకూడదు అని మావో 1938లో అన్న మాట ఇప్పటికీ అక్కడ మూలమంత్రం. అందుకే ప్రతి యూనిట్‌లో కమాండర్ పక్కన సరిసమాన హోదాలో పార్టీ మనిషిగా ఒక రాజకీయ కమిసార్ కూర్చుంటాడు. ఇది మనసులో పెట్టుకుంటే చాలు, ముందుకు పోదాం.

ఒక హెచ్చరిక, అదీ నా సొంత అనుభవంతోనే

2022 సెప్టెంబరు చివర్లో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో రాత్రి పదకొండింటికి మా బావ ఒక వీడియో పెట్టాడు. చైనాలో సైనిక తిరుగుబాటు, షీ గృహనిర్బంధంలో ఉన్నాడు, లీ చియావ్‌మింగ్ అనే జనరల్ కొత్త అధ్యక్షుడు, వెనకాల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, బాణాల గుర్తులు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేనూ ఒక పది నిమిషాలు నమ్మాను, ఇంకో ఇద్దరికి పంపాను కూడా. సెప్టెంబరు 27న షీ బీజింగ్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి వచ్చి నింపాదిగా తిరిగాడు. అప్పటికి ఆయన ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్ నుంచి తిరిగొచ్చి పదిరోజులే అయింది, కోవిడ్ క్వారంటైన్ రోజులు, కనబడకపోవడంలో వింతేమీ లేదు. మన దేశంలోనే ఆ పుకారు ఎక్కువ తిరిగిందన్నది ఇంకో బాధ.

అంటే మనిషి కనబడకపోవడం ఒక్కటే ఆధారం కాదు. కనబడి తీరాల్సిన చోట కనబడకపోవడమే ఆధారం. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

గైర్హాజరు లెక్క

కనబడి తీరాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి. వసంతకాలంలో సైనిక కమిషన్ పెద్దలు బీజింగ్‌లో పారలు పట్టుకుని మొక్కలు నాటే కార్యక్రమం, జనరళ్లకు పదోన్నతి ఇచ్చే వేడుక, పార్టీ స్కూల్లో పెద్ద నాయకులకు జరిగే అధ్యయన శిబిరం ప్రారంభం. వీటికి జలుబు చేసిందని ఎవరూ మానరు.

హ వెయ్‌డాంగ్‌నే తీసుకోండి. సైనిక కమిషన్ ఉపాధ్యక్షుడు, పొలిట్‌బ్యూరో సభ్యుడు. 2025 మార్చి 11న పార్లమెంటు సమావేశాల ముగింపులో వేదిక మీద ఉన్నాడు. తర్వాత ఏప్రిల్ 2న మొక్కలు నాటిన వార్త వచ్చింది, హాజరైనవాళ్ల పేర్ల జాబితా ఇచ్చారు, జాంగ్ యోషియా ఉన్నాడు, ఈయన లేడు. ఆ వార్తలో 'హ వెయ్‌డాంగ్ రాలేదు' అని ఎక్కడా ఉండదు, ఉండాల్సిన పేరు ఉండదు, అంతే. పోయినేడాది జాబితా పక్కన పెట్టుకుని చూసినవాళ్లకే అది తెలుస్తుంది. పెళ్లి ఫొటోలో పెద్దమామయ్య ఎందుకు లేడో ఇంట్లోవాళ్లే పట్టేసినట్టు. అక్కడి నుంచి ఆరున్నర నెలల మౌనం, 2025 అక్టోబరు 17న ఒకేసారి తొమ్మిదిమంది పేర్లతో బహిష్కరణ ప్రకటన, అందులో మొదటి పేరు ఆయనదే.

మీ నోట్‌బుక్‌లో ఒక చిన్న పట్టిక గీయండి: పేరు, ఆఖరిసారి కనబడిన తేదీ, అధికారికంగా కారణం చెప్పిన తేదీ, మధ్యలో గ్యాప్. లీ షాంగ్‌ఫూ 2023 ఆగస్టు 29న ఆఫ్రికా దేశాల సమావేశంలో ప్రసంగించాడు, అక్టోబరు 24న ఏ కారణమూ చెప్పకుండా రక్షణ మంత్రి పదవి తీసేశారు, కారణం చెప్పింది 2024 జూన్ 27న. అంటే పది నెలలు. 2023 ఏప్రిల్లోనే ఆయన ఢిల్లీ వచ్చి రాజ్‌నాథ్ సింగ్‌తో కూర్చున్న ఫొటో మన పేపర్లన్నీ వేశాయి, నాలుగు నెలలకే మనిషి మాయం. ఇక సైన్యంలో షీ తర్వాతి స్థానంలో ఉన్న సైనిక కమిషన్ ఉపాధ్యక్షుడు జాంగ్ యోషియా గడి నింపండి: 2026 జనవరి 20న పార్టీ స్కూల్ ప్రారంభంలో లేడని జనం గమనించారు, 24న ప్రకటన వచ్చేసింది. గమనించిన నాలుగు రోజులకే! ముందు నెలలకు నెలలు నాన్చినవాళ్లు, అందరికంటే పెద్ద చేప దగ్గర ఎందుకు ఇంత తొందరపడ్డారు? నా ఉద్దేశంలో అంతటి మనిషిని నెలల తరబడి 'లేడు, ఉన్నాడు' మధ్య వేలాడదీస్తే కిందివాళ్లు ఎవరి మాట వినాలో తెలీక గందరగోళపడతారు. సైన్యానికి అది ప్రమాదం. ఇది నా ఊహే, మీరు వేరేలా అనుకోవచ్చు.

ఇంకో గడి కూడా పెట్టుకోండి, పార్లమెంటు సభ్యత్వం. అక్కడి పార్లమెంటు సభ్యులను స్థాయీసంఘం అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని నియమం, అందుకే ముందు ఆ సభ్యత్వం ఊడుతుంది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వచ్చే ఆ వార్తే అసలు వార్త. 2023 డిసెంబరు 29న ఒకేరోజు తొమ్మిదిమంది సైనికాధికారుల సభ్యత్వాలు పోయాయి, వాళ్లలో ఎక్కువమంది అణు క్షిపణులు చూసే రాకెట్ ఫోర్స్‌తో ముడిపడినవాళ్లే. అదేరోజు డాంగ్ జున్‌ని కొత్త రక్షణ మంత్రిగా వేశారు కాబట్టి పేపర్లన్నీ ఆ ఫొటోనే వేసుకున్నాయి.

'నాకు తెలీదు' అంటే ఏమిటి?

నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మూడు ప్రెస్ మీట్లు పక్కపక్కన పెడతాను, చదవండి.

2023 సెప్టెంబరులో లీ షాంగ్‌ఫూ మీద విచారణ నిజమేనా అని విదేశాంగ శాఖ ప్రతినిధిని అడిగారు. ఆ విషయం మాకు తెలియదు అన్నారు. 2025 మార్చి చివర్లో హ వెయ్‌డాంగ్‌ని పట్టుకున్నారా అని రక్షణ శాఖ ప్రతినిధి వూ చియెన్‌ని అడిగారు. ఆ సమాచారం మా దగ్గర లేదు అన్నారు. ఈ రెంటికీ మధ్యలో, 2024 నవంబరులో, డాంగ్ జున్ మీద విచారణ జరుగుతోందని ఒక విదేశీ పత్రిక రాసింది. దానికి అదే వూ చియెన్ ఒక్కసారి గయ్యిమన్నాడు: అది పూర్తిగా కట్టుకథ, పుట్టించినవాళ్ల ఉద్దేశం వేరు, మేం తీవ్రంగా నిరసిస్తున్నాం అని.

ఇప్పుడు ఫలితాలు చూడండి. 'తెలియదు' అన్న ఇద్దరూ పోయారు. 'అబద్ధం' అని విరుచుకుపడ్డ మనిషి నిలబడ్డాడు, 2025 జూన్‌లో చింగ్‌డావోలో రాజ్‌నాథ్ సింగ్‌తో చర్చలు కూడా జరిపాడు. సొంత రక్షణ మంత్రి ఎక్కడున్నాడో ప్రభుత్వానికి తెలియకపోవడం ఎక్కడైనా ఉంటుందా? ప్రతినిధి అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పడానికి పైనుంచి అనుమతి లేదు, మిగిలింది 'తెలియదు' ఒక్కటే. మూడు ఉదాహరణలతో సూత్రం కట్టేయకూడదు, ఒప్పుకుంటాను. కానీ నాలుగోది వచ్చినప్పుడు ముందు ఈ మాట కోసం వెతకండి.

ఇంకో సంగతి. డాంగ్ జున్‌పై పుకారును కొట్టిపారేసిన ఆ ప్రెస్ మీట్‌లోనే, 2024 నవంబరు 28న, మియావ్ హువాను విధుల నుంచి ఆపామని చెప్పారు. అందరూ మంత్రి వైపు చూస్తుంటే దెబ్బ పడింది అంతకంటే కీలకమైన మనిషి మీద. మియావ్ రాజకీయ వ్యవహారాల విభాగం అధిపతి, ఎవరికి పదోన్నతి ఇవ్వాలో, ఎవరిని నమ్మొచ్చో ఫైలు రాసి పైకి పంపేది ఆ విభాగమే. విధేయతకు సర్టిఫికెట్ ఇచ్చేవాడే విధేయుడు కాదని తేలితే ఆయన సంతకంతో పైకొచ్చిన ప్రతి జనరల్ మీదా అనుమానమే. తీగ లాగితే డొంకంతా కదిలింది. పైగా ఆయనా, హ వెయ్‌డాంగ్ కూడా ఫుజియన్‌లోని 31వ గ్రూప్ ఆర్మీలో పనిచేసినవాళ్లు, షీ ఎన్నో ఏళ్లు ఉద్యోగం చేసిన రాష్ట్రం అది, వీళ్లను షీ సొంత మనుషులనే అందరూ లెక్కవేశారు. శత్రువుల్ని ఏరేస్తున్నాడు అనే సులువైన వివరణ ఇక్కడ పనిచేయదు.

మాటల తూకం

ప్రకటన వచ్చాక అందరూ 'అవినీతి' అన్న హెడ్‌లైన్ పెట్టి వదిలేస్తారు. అవినీతి అబద్ధమని కాదు. పదవులు అమ్ముకోవడం ఆ సైన్యంలో ఎంత లోతుగా ఉండేదో 2014లో షూ త్సైహౌ, ఆ తర్వాత 2016లో జీవితఖైదు పడిన గువో బోషియుంగ్ కేసుల్లో బయటపడింది, ఇద్దరూ ఒకప్పుడు సైనిక కమిషన్ ఉపాధ్యక్షులే. కానీ డబ్బు తిన్నవాళ్లు వందమంది ఉన్నచోట ఎవరిని, ఎప్పుడు పట్టుకున్నారన్నది రాజకీయం. అది ఆరోపణల మధ్యలో ఇరికించిన ఒకటి రెండు మాటల్లో దొరుకుతుంది.

2024 జూన్ 27న ఇద్దరు మాజీ రక్షణ మంత్రుల్ని ఒకేరోజు బహిష్కరించారు, లీ షాంగ్‌ఫూ, ఆయనకు ముందున్న వెయ్ ఫెంగ్‌హ. ప్రకటనలు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ జాగ్రత్తగా చదవండి. లీ మీద లంచం తీసుకోవడంతో పాటు లంచం ఇవ్వడం కూడా ఉంది, పార్టీ మొదటి ఆశయాన్ని వదిలేశాడన్నారు. వెయ్ మీద లంచం తీసుకోవడం మాత్రమే. కానీ ఆయనకు మాత్రం ఇంకో మాట పెట్టారు, జోంగ్‌చెంగ్ షిజియె. 'జోంగ్‌చెంగ్' అంటే విధేయత. 'షిజియె' అన్నది పాతకాలపు చైనీస్‌లో శీలం పోగొట్టుకున్న స్త్రీకీ, శత్రువుకు లొంగిపోయిన అధికారికీ వాడిన మాట. తెలుగులో పెడితే 'విధేయత శీలం తప్పింది' అని వస్తుంది, చదివితేనే ఒళ్లు జలదరిస్తుంది. వెయ్ ఎవరు? రాకెట్ ఫోర్స్‌కు మొట్టమొదటి కమాండర్. ఆ మాట పట్టుకుని చాలామంది గూఢచర్యం దాకా వెళ్లిపోయారు. మనం వెళ్లొద్దు. 'లీకి వాడని మాట వెయ్‌కి వాడారు' అని నోట్‌బుక్‌లో రాసుకుని ఆగుదాం.

ఇక జాంగ్ యోషియా. రక్షణ శాఖ ప్రకటన మామూలు భాషలోనే ఉంది, క్రమశిక్షణ, చట్టం తీవ్రంగా ఉల్లంఘించినట్టు అనుమానం అని. మర్నాడు సైనిక పత్రిక సంపాదకీయంలో వచ్చింది అసలు మాట: సైనిక కమిషన్ అధ్యక్ష బాధ్యతా వ్యవస్థను తీవ్రంగా తొక్కేశారు అని. ఈ పొడుగాటి పేరుకు అర్థం ఒక్కటే, సైన్యంలో ఆఖరి మాట అధ్యక్షుడిది, అంటే షీది. కాబట్టి అక్కడ చెప్తున్నది డబ్బు గురించి కాదు, మాట వినకపోవడం గురించి. ఈ జాంగ్ 1979 వియత్నాం యుద్ధంలో నిజంగా పోరాడినవాడు, ఆయన తండ్రీ షీ తండ్రీ విప్లవకాలంలో వాయవ్య చైనాలో కలిసి పనిచేశారు. అంత పాత బంధం కూడా ఆపలేకపోయింది.

వచ్చేవారానికి హోంవర్క్

ఒక తేదీ చిక్కుముడి ఇస్తున్నాను. 2023 జులై చివర్లో ఆయుధాల అభివృద్ధి విభాగం ఒక నోటీసు వేసింది, కొనుగోళ్ల బిడ్లలో అక్రమాలు తెలిస్తే చెప్పండి, 2017 అక్టోబరు నుంచి జరిగినవి మాత్రం చెప్పండి అని. ఎందుకు ఆ నెల? సూచన: ఆ విభాగానికి 2017 దాకా ఎవరు అధిపతి, ఆ ఏడాది శరదృతువులో ఎవరు వచ్చారు అన్నది వెతకండి, ఇద్దరి పేర్లూ మీ ఏడుగురి జాబితాలోనే ఉన్నాయి. ఆ తేదీ దగ్గర గీసిన హద్దు 2023లో ఎవరిని కాపాడింది, 2026 నాటికి ఆ హద్దుకు ఏమైంది అన్నది ఐదారు వాక్యాల్లో రాయండి. రెండోది, ఈసారి జులై 31న సైనిక దినోత్సవం ముందురోజు విందు వార్త వచ్చినప్పుడు హాజరైనవాళ్ల పేర్లు వరసక్రమంతో సహా దించుకుని, పోయినేడాది జాబితాతో పోల్చి చూడండి. వచ్చే పాఠంలో లడఖ్ సరిహద్దు చూసే పశ్చిమ థియేటర్ కమాండ్ పట్టుకుంటాం, దాని ప్రధాన కార్యాలయం ఉన్న చెంగ్డూ ఎక్కడుందో మ్యాప్‌లో ఒకసారి చూసుకుని రండి.