కలిసి మైత్రీభావన, కలిసి బావి సంరక్షణ: బృందంగా చేసుకునే పద్ధతి

పాళీ బౌద్ధ గ్రంథాల్లో కోసంబియ సుత్తం అనే బుద్ధుని ఉపదేశం కలిసి బతికేవాళ్లకు ఆరు నియమాలు చెబుతుంది. మొదటి మూడూ మైత్రి గురించే: చేతలో మైత్రి, మాటలో మైత్రి, మనసులో మైత్రి. ఎదుటివాళ్లు చూస్తున్నప్పుడూ చూడనప్పుడూ ఇవి ఒకేలా ఉండాలంటుంది. నాలుగోది దొరికినదాన్ని పంచుకోవడం. ఈ వరసలో చేత ముందుంది, మనసు మూడో స్థానంలో ఉంది. సాధనా బృందాలు చాలావరకు ఆ మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి. అందుకే ఇక్కడ రెండు పనులనూ కలిపి రాస్తున్నాం: కూర్చుని చేసే మైత్రీభావన (అందరి మేలు కోరుతూ చేసే ధ్యానం), ఇరుగుపొరుగు తాగే బావిని క్షేమంగా ఉంచడం. వనరోప సుత్తంలో తోటలు వేసేవాళ్లు, వంతెనలు కట్టేవాళ్లతో పాటు చలివేంద్రాలు, బావులు ఇచ్చేవాళ్ల పుణ్యం పగలూ రాత్రీ పెరుగుతుందని ఉంది. అశోకుడు మనుషుల కోసం, పశువుల కోసం దారుల వెంట బావులు తవ్వించానని శాసనాల్లో చెక్కించాడు. కాబట్టి నీళ్ల పని సాధనకు బయటిదేం కాదు.

కూర్చునే పద్ధతి

అయిదుగురి నుంచి పన్నెండు మంది దాకా ఉంటే బాగుంటుంది. అంతకు మించితే చివర్లో అందరూ ఒక్కో మాటైనా చెప్పే వీలుండదు. వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళకు 45 నిమిషాలు కూర్చోండి. నడిపించే బాధ్యత నెలనెలా చేతులు మారాలి.

మొదటి 5 నిమిషాలు ఊపిరి మీద మనసు నిలపండి. తర్వాత 8 నిమిషాలు తమ కోసం, 8 నిమిషాలు మేలు చేసిన ఒక మనిషి కోసం, 8 నిమిషాలు ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి కోసం, 6 నిమిషాలు ఇబ్బంది పెట్టిన మనిషి కోసం, చివరి 10 నిమిషాలు అన్ని దిక్కుల ప్రాణుల కోసం. ఇంచుమించు ఇదే క్రమాన్ని బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు అయిదో శతాబ్దంలో సింహళంలో రాసిన విసుద్ధిమగ్గం అనే సాధనా గ్రంథంలో ఇచ్చాడు. వాక్యాలు నాలుగు చాలు: "వైరం లేకుండా ఉండాలి. బాధ లేకుండా ఉండాలి. కలత లేకుండా ఉండాలి. సుఖంగా రోజులు గడవాలి." నడిపించేవాళ్లు ఒక వాక్యం నెమ్మదిగా పలికి అర నిమిషం పైగా మౌనంగా ఉండాలి. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. మౌనం భరించలేక వర్ణనలు కలుపుతారు, కూర్చున్నవాళ్లు ఆ గొంతు వెంట పోతారు, తలచుకోవాల్సిన మనిషి మనసులోంచి జారిపోతాడు.

ఎవరిని ఎంచుకోవాలన్నదానికి కచ్చితమైన కట్టుబాట్లున్నాయి. మేలు చేసినవాళ్లుగా బతికున్నవాళ్లనే తలచుకోవాలి. చనిపోయినవాళ్ల మీద మొదలుపెడితే అది శోకంలోకి తిరుగుతుంది. కామం కలిగించే మనిషిని ఎంచుకోకూడదు. మైత్రికి దూరపు శత్రువు ద్వేషం, దగ్గరి శత్రువు రాగం. ద్వేషాన్ని అందరూ గుర్తుపడతారు, రాగం మాత్రం మైత్రి వేషంలోనే వస్తుంది. "ఈ మనిషి నా దగ్గరే ఉండాలి" అనిపించడం మొదలైతే అది వచ్చినట్టే. వెంటనే వేరే మనిషికి మారండి.

తమ కోసం అనుకోవడం చాలామందికి పడదు. గొంతు పట్టేసినట్టుంటుంది, లేదా కోపం వస్తుంది. అలాంటివాళ్లు మేలు చేసిన మనిషితో మొదలుపెట్టి, అక్కడ మనసు కాస్త మెత్తబడ్డాక తమ దగ్గరికి రావాలి.

బృందానికి అన్నిటికన్నా పనికొచ్చే అంచె మూడోది, అంటే ఇష్టమూ అయిష్టమూ లేని మనిషిది. తొందరగా దాటేసేదీ అదే. రోజూ బావి దగ్గర మీ తర్వాత చేద అందుకునే మనిషిని తలచుకోండి. పేరు తెలియకపోవచ్చు. బిందె ఏ చంకన పెట్టుకుంటుందో, నిండాక ఒక్క క్షణం ఎలా ఆగి ఊపిరి తీసుకుంటుందో గుర్తు తెచ్చుకోండి. ఇలాంటి చిన్న వివరం ఒకటి దొరికితే వాక్యాలు ఉత్త మాటలుగా మిగలవు.

నాలుగో అంచెలో, అంటే ఇబ్బంది పెట్టిన మనిషి దగ్గర, చిరాకు పెట్టేవాళ్లతో మొదలుపెట్టండి, పెద్ద గాయం చేసినవాళ్లతో వద్దు. ఇంట్లో కొట్టే మనిషి మీద మైత్రి పంపమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. అలాంటి ఇంట్లో ముందు చేయాల్సింది దెబ్బలు తినే మనిషిని క్షేమంగా బయటికి తేవడం. కూర్చున్న బృందంలోనే ఉన్న మనిషిని కూడా ఈ అంచెకు ఎంచుకోవద్దు. ముఖాల్లో తెలిసిపోతుంది.

సాధన ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి విసుద్ధిమగ్గంలో ఒక పరీక్ష ఉంది. మీరు, మీకు ఇష్టమైనవాడు, ఏ సంబంధమూ లేనివాడు, వైరి, నలుగురూ ఒకచోట ఉన్నారు. దొంగలొచ్చి బలికి ఒకణ్ని ఇమ్మన్నారు. "ఫలానావాణ్ని పట్టుకుపొండి" అంటే మనసులో గీతలు చెరగలేదన్నమాట. "వాళ్లను వదిలేసి నన్ను తీసుకెళ్లండి" అన్నా చెరగలేదు. నలుగురిలో ఎవరినీ ఇవ్వబుద్ధి కానప్పుడే చెరిగినట్టు. ఆ రెండో జవాబును గుర్తుపెట్టుకోండి, బావిలోకి దిగే సంగతి వచ్చినప్పుడు దానితో పనుంది.

మాట దగ్గర

బావి పని మొదలుపెట్టగానే ఎవరితోనో కష్టమైన మాట మాట్లాడాల్సి వస్తుంది. మరుగుదొడ్డి గుంట, ఇంకుడు గుంట, పశువుల కొట్టం, పెంటకుప్ప బావికి కనీసం 15 మీటర్ల దూరంలో, వాలులో బావికన్నా దిగువన ఉండాలి. నేల బండరాయి పగుళ్లతో ఉంటే ఆ దూరం కూడా సరిపోకపోవచ్చు, ఎందుకంటే పగుళ్ల గుండా మురుగు వడపోత లేకుండానే వచ్చేస్తుంది. పక్కింటి గుంట 9 మీటర్లలో ఉందనుకుందాం. వెళ్లే ముందు టేపుతో కొలవండి. ఆ కుటుంబాన్ని తలచుకుంటూ పది నిమిషాలు కూర్చోండి. ఇద్దరే వెళ్లండి, గుంపుగా వెళితే పంచాయితీ అవుతుంది. కకచూపమ సుత్తం మాటకు అయిదు కొలతలు చెబుతుంది: సమయానికి తగిందా, నిజమా, మృదువుగా ఉందా, మేలు చేసేదా, మైత్రితో వచ్చిందా. "మీ వల్ల నీళ్లు పాడయ్యాయి" అన్నది రుజువు లేని మాట. "దూరం 9 మీటర్లుంది, మీ పిల్లలూ ఈ నీళ్లే తాగుతున్నారు, గుంట మార్చడానికి మేమూ చెయ్యేస్తాం" అన్నది పనికొచ్చే మాట. అన్నాక ఆ చెయ్యి వేయాలి కూడా.

బావి చుట్టూ

బావి నీళ్లు ఎక్కువగా పైనుంచే పాడవుతాయి. ఒలికిన నీళ్లు కాళ్ల మట్టిని, పశువుల పేడను కలుపుకుని, చప్టా పగుళ్లలోంచి, ఒర పక్క నుంచి మళ్లీ బావిలోకే దిగుతాయి. కాబట్టి గట్టు 70 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తుండాలి. చుట్టూ కనీసం ఒక మీటరు వెడల్పున సిమెంటు చప్టా బయటికి వాలుగా ఉండాలి. దాని అంచున కాలువ, ఆ కాలువ నీళ్లను దూరంగా తీసుకుపోవాలి. లోపలి ఒర పైనుంచి 6 మీటర్ల లోతు దాకా నీరు ఊరని కట్టుగా ఉంటే, పై నుంచి దిగే నీరు అంత మందం మట్టిలో వడకట్టుకున్నాకే బావిని చేరుతుంది. నెలకోసారి చప్టా మీద బకెట్టు నీళ్లు పోసి చూడండి. ఎక్కడ ఇంకిపోతే అక్కడ పగులుంది. ఆరాక సిమెంటుతో పూడ్చండి.

పైన మూత, గిలకకు ఒకటే చేద. ఎవరి బకెట్టు వాళ్లు దించితే అందరి ఇళ్ల మురికీ లోపలికి దిగుతుంది. చేదను నేల మీద పెట్టకుండా కొక్కేనికి తగిలించాలి. బట్టలుతకడం, గిన్నెలు తోమడం చప్టా దాటాకే. మూతేసి చేతిపంపు బిగిస్తే ఇంకా మంచిది.

బ్లీచింగ్ పౌడర్ లెక్క

ముందు నీటి పరిమాణం. బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో, 3.14తో హెచ్చించి, 4తో భాగించండి. వచ్చినదాన్ని 1000తో హెచ్చిస్తే లీటర్లు. వ్యాసం 2 మీటర్లు, నీళ్లు 3 మీటర్లు ఉంటే 9,420 లీటర్లు.

తేటగా ఉన్న బావికి మామూలు మోతాదు 1000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే ఈ బావికి దాదాపు 24 గ్రాములు. ఇది 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్ లెక్క. మూత తీసి ఉంచిన సంచిలో, తేమలో, ఎండలో పౌడర్ సత్తువ పోతుంది, అప్పుడు లెక్కంతా తప్పుతుంది. గాలి చొరని డబ్బాలో, చీకట్లో దాచండి. వేసిన గంట తర్వాత క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. ఏమీ కనబడకపోతే నీటిలోని మలినమే దాన్ని తినేసిందని అర్థం, మోతాదు కొంచెం పెంచండి. నీళ్లు బురదగా ఉంటే ముందు తోడి తేటపరచండి, బురదలో క్లోరిన్ వృథా.

వరద నీళ్లు చేరినా, పూడిక తీసినా, పరీక్షలో సూక్ష్మజీవులు తేలినా గట్టి మోతాదు కావాలి: 1000 లీటర్లకు 150 గ్రాములు. పై బావికి 1.4 కిలోలు. 12 నుంచి 24 గంటలు ఎవరూ తోడకూడదు. తర్వాత వాసన పోయేదాకా తోడిపోయాలి. ఆ నీళ్లను చెరువులోకి, మొక్కలకు వదలొద్దు.

కలిపే తీరు ముఖ్యం. బకెట్టుకు 100 గ్రాములు మించకుండా, ముందు కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత ముప్పాతిక వంతు దాకా నీళ్లు పోసి కలియబెట్టండి. పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లే వేరే బకెట్టులోకి వంచి, ఆ బకెట్టును బావి నీటి లోపలికి దించి పైకీ కిందికీ ఆడించండి. సున్నం బావిలో పోస్తే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ, గాలి వీపు వైపు నుంచి రావాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తగిలిన బకెట్టు వాడితే విషవాయువు పుడుతుంది. మామూలు మోతాదుకు రాత్రి చివరి బిందె తోడాక వేసుకోవడం మంచిది, తెల్లారేసరికి నీళ్లు వాడకానికి వస్తాయి.

క్లోరిన్ వేసే ముందు మూత తీసి లోపల చూడండి. కప్పలు, చేపలు, తాబేలు ఉంటే వలతో పట్టి చెరువులో వదలండి. చేపలకు చాలా కొద్ది క్లోరిన్ కూడా ప్రాణాంతకం. భిక్షువు దగ్గర ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి. నీటిలోని ప్రాణుల మీద శ్రద్ధ అంత పాతది. తాగునీటి బావిలో చేపల్ని పెంచడం మాత్రం వద్దు. అవి దోమ పిల్లల్ని తింటాయి గానీ నీళ్లను శుద్ధి చేయవు.

బావిలోకి దిగడం

ఈ ఒక్క విషయంలో బృందం గట్టిగా నిలబడాలి: సొంతంగా ఎవరూ దిగకూడదు. మూసి ఉన్న, వాడకం లేని బావుల్లో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. లోపల ఆయిల్ ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. దీపం దించి చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు, కార్బన్ మోనాక్సైడ్ చంపేంత ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. దిగినవాడు సొమ్మసిల్లితే పైనున్నవాడు ప్రేమతో వెనకే దిగుతాడు, అతనూ పడిపోతాడు. దొంగల కథలో "నన్ను తీసుకెళ్లండి" అన్న జవాబు ఇలాంటిదే. పూడిక తీసే పని గ్యాస్ కొలిచే పరికరం, నడుముకు తాడు, పైన లాగే మనుషులు ఉన్న పనివాళ్లకే ఇవ్వండి. చేద తెగి పడితే పాతాళగరిగె వేసి తీయండి. ఎవరైనా లోపల పడిపోతే గట్టిగా కేకేసి మనుషుల్ని పిలవండి, అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి, మీరు మాత్రం దిగకండి.

పరీక్షలు

ఏడాదికోసారి, వానాకాలం దాటాక, నీళ్లను ప్రయోగశాలకు పంపండి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి (మలం కలిసిందని చూపే సూక్ష్మజీవి) ఒక్కటి కూడా ఉండకూడదు. నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఈ రెండూ క్లోరిన్‌తో పోవు. మరిగిస్తే నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువుంటే ఆ నీళ్లతో ఆరు నెలల లోపు పిల్లలకు పాలు కలపొద్దు. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాల ఇచ్చిన సీసానే వాడాలి, మూత లోపలి వైపు వేలు తగలకూడదు, చల్లగా ఉంచి అదే రోజు చేర్చాలి. గట్టి మోతాదు వేశాకైతే క్లోరిన్ పూర్తిగా పోయిన వారం తర్వాతే నమూనా తీయండి. ముందే తీస్తే ఆ ఫలితం ఉత్తుత్తి భరోసా ఇస్తుంది.

ఫలితం కాగితం బావి దగ్గరే అందరూ చదివేలా అంటించండి, చెడుగా వచ్చినా సరే. సూక్ష్మజీవులు తేలితే ఆ సాయంత్రమే నీళ్లు తీసుకెళ్లే ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. మళ్లీ పరీక్ష బాగున్నదాకా తాగే నీళ్లను తెర్లే స్థితికి తెచ్చి, ఒక నిమిషం మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చుకోవాలి.